మూడు రంగుల పిల్లి: ఒంటిరంగుల శాస్త్రం నడిచిన దారి



పిల్లి అనండి, బెక్కు అనండి, పూనై అనండి, బిలేయి అనండి, మాంజర్ అనండి. మన సరిహద్దు ఊళ్ళలో ఒకే పిల్లి పొద్దున తెలుగువారింట్లో పాలు తాగి, మధ్యాహ్నం పక్కభాషవారి అటకమీద ఎలుకను పడుతుంది. దానికి రాష్ట్రాల పేచీ లేదు. ఇవాళ్టి ప్రసంగం ఆ పిల్లి ఒంటిమీది రంగుల గురించి. ఇంత చిన్న సంగతికి ఇంత సమయమా అనుకోకండి. ఈ రంగుల లెక్క తేల్చడానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ లెక్కలో మన ఇళ్ళలోని ఆడవాళ్ళకు సంబంధించిన విషయం కూడా ఒకటుంది. దాని దగ్గరికి మెల్లగా వెళదాం.

తెలుపు, నలుపు, ఎరుపు మచ్చలు కలిసిన పిల్లిని మీ వీధిలో చూసే ఉంటారు. ఎరుపు అంటే కుంకుమ ఎరుపు కాదు. ఎర్రపిల్లి అని మనం పిలిచే ఆ నారింజ, పసుపు కలిసిన రంగు. ఈసారి మూడు రంగుల పిల్లి కనబడితే అది ఆడదో మగదో గమనించండి. దాదాపు ఎప్పుడూ ఆడదే అయి ఉంటుంది. మూడు రంగుల గండుపిల్లి ఎక్కడో మూడు వేలలో ఒకటి ఉంటుందని సాధారణంగా చెప్పే లెక్క.

ఈ సంగతి లోకానికి కొత్తగా తెలిసింది కాదు. డార్విన్ 1871లో అచ్చయిన తన గ్రంథంలో, నలుపు ఎరుపు కలిసిన పిల్లులు మామూలుగా ఆడవే అవుతాయని, వాటికి సాటి అయిన మగవి ఎర్రగా ఉంటాయని రాశాడు. జపాన్ నావికులకు మూడు రంగుల గండుపిల్లి ఓడలో ఉంటే తుఫాను భయం ఉండదని నమ్మకం. 1956లో జపాన్ వారి మొదటి అంటార్కిటికా యాత్ర బయలుదేరినప్పుడు, అదృష్టం కోసం అలాంటి గండుపిల్లినే ఒకదాన్ని ఓడ ఎక్కించారు. దాని పేరు తకేషి. మన దగ్గర పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగి కాసేపు కూర్చుని వెళతాం, వాళ్ళేమో పిల్లిని ఎక్కించుకుని ధ్రువం దాకా వెళ్ళారు.

అందరికీ తెలిసిందే గాని, ఎందుకలా అన్నది ఎవరికీ తెలియదు. మెండెల్ బఠాణీ మొక్కల మీద చేసిన పరిశోధన 1866లో అచ్చయింది. ముప్పై నాలుగేళ్ళు దాన్ని పట్టించుకున్నవారు లేరు. 1900లో అది మళ్ళీ వెలుగులోకి వచ్చాక, కోళ్ళు, ఎలుకలు, కుందేళ్ళు, పిల్లులు అన్నింటిమీదా ఆ లెక్క సరిపోతుందేమోనని చూడడం మొదలుపెట్టారు. కేంబ్రిడ్జిలో లెనర్డ్ డాంకాస్టర్ అనే జంతుశాస్త్రజ్ఞుడు 1904లో పిల్లుల లెక్క పట్టుకున్నాడు. పిల్లులు పెంచేవారి దగ్గర ఏ ఈతలో ఏ రంగు పిల్లలు పుట్టాయో సమాచారం సేకరించాడు. నల్ల తల్లికీ ఎర్ర తండ్రికీ పుట్టిన మగపిల్లలు నల్లవి, ఆడపిల్లలు నలుపు ఎరుపు కలిసినవి. ఎర్ర తల్లికీ నల్ల తండ్రికీ పుట్టిన మగపిల్లలు ఎర్రవి, ఆడపిల్లలు మళ్ళీ కలగలుపువే. బఠాణీలో ఇలా జరగదు. అక్కడ ఏ గుణం తల్లి వైపు నుంచి వచ్చినా తండ్రి వైపు నుంచి వచ్చినా ఫలితం ఒకటే. పిల్లిలో మాత్రం తల్లిదండ్రుల రంగులు తారుమారు చేస్తే కొడుకుల రంగు మారిపోతోంది. మగదానిలో ఎరుపుదే పూర్తి పైచేయి అని, ఆడదానిలో ఆ పైచేయి సగమేనని డాంకాస్టర్ మొదట ఊహించాడు. ఊహ పూర్తిగా కుదరలేదు గాని, అడగవలసిన ప్రశ్న సరిగ్గా అడిగాడు.

జవాబు ఈగల వైపు నుంచి వచ్చింది. 1910లో అమెరికాలో మోర్గన్ పండ్లమీద వాలే చిన్న ఈగల్లో తెల్లకన్ను అనే గుణం ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుందని తేల్చాడు. రెండేళ్ళకు, 1912లో, క్లారెన్స్ కుక్ లిటిల్ పిల్లి ఎరుపు కూడా అలాంటిదేనని రాశాడు. ఈ లిటిల్ 1929లో అమెరికాలో ఎలుకల పరిశోధనకు పేరుపడ్డ జాక్సన్ ప్రయోగశాలను స్థాపించినవాడు. అంతటి మనిషి 1954 తర్వాత సిగరెట్టు కంపెనీలు పెట్టిన పరిశోధన సంఘానికి పెద్దగా కూర్చుని, పొగకూ క్యాన్సరుకూ సంబంధం రుజువు కాలేదని చెబుతూ వచ్చాడు. పిల్లి దగ్గర చూపించిన నిజాయితీ పొగ దగ్గర చూపించలేదు. ఇది చెప్పకుండా ఆయన్ని పొగిడి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ చిన్న మాట. క్రోమోజోమును కన్నడ పాఠ్యపుస్తకాల్లో వర్ణతంతు అంటారు. రంగుదారం అని అర్థం. రంగు వేస్తే సూక్ష్మదర్శినిలో కనిపించే దారాలు కనుక ఆ పేరు. రెండు భాషల్లోనూ పాఠం చెప్పవలసి వచ్చే నాలాంటివాళ్ళకు ఈ మాట మంచి వరం. పిల్లి కథ చెప్పేటప్పుడు క్రోమోజోము కన్నా రంగుదారం అంటేనే పిల్లలకు చప్పున ఎక్కుతుంది. తెలుగు పిల్లలకు కూడా నేను ఆ మాటే చెబుతాను.

పిల్లికి ఇలాంటి దారాలు 38, అంటే 19 జతలు. అందులో పద్ధెనిమిది జతలు మగదానికీ ఆడదానికీ ఒకటే. పందొమ్మిదో జతలోనే తేడా. ఆడదానికి రెండు ఎక్స్‌లు. మగదానికి ఒక ఎక్స్, ఒక వై. ఎరుపు వేయాలా నలుపు వేయాలా అన్న ఆజ్ఞ ఈ ఎక్స్ మీద రాసి ఉంటుంది. మగదానికి ఒకటే ఎక్స్ కనుక ఒకటే ఆజ్ఞ. నలుపన్నా కావాలి, ఎరుపన్నా కావాలి. ఆడదానికి రెండు ఎక్స్‌లు కనుక ఒకదానిమీద నలుపు, రెండోదానిమీద ఎరుపు ఉండవచ్చు. అందుకే కలగలుపు ఆడదానికే దక్కుతుంది.

ఇప్పుడు మగపిల్ల సంగతి చూడండి. దానికి వై తండ్రి నుంచి వచ్చింది. కనుక ఎక్స్ తల్లి నుంచే రావాలి. అంటే ఎర్రగండుపిల్ల ఎర్రగా ఉండడానికి కారణం తల్లి. తండ్రి నల్లదా ఎర్రదా అన్న దానితో పని లేదు. అయితే ఆ పిల్ల మగది కావడానికి కారణం తండ్రి. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్సే ఉంటుంది. తండ్రి శుక్రకణంలో సగం వాటిలో ఎక్స్, సగం వాటిలో వై. ఏది ముందు చేరితే బిడ్డ అది. ఈ సంగతి 1905లోనే నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు పిండిలో పెరిగే పురుగుల మీద చూపించింది. పిండిపురుగుకు, పిల్లికి, మనిషికి ఇక్కడ లెక్క ఒకటే.

శ్రోతలారా, ఈ మాట బయటపడి నూటయిరవై ఏళ్ళు దాటింది. అయినా వరుసగా ముగ్గురు ఆడపిల్లలు పుడితే కోడలి వైపే వేలు చూపించే ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి. మా బడికి వచ్చే పిల్లల ఇళ్ళలోనే ఆ మాటలు విన్నాను. తెలుగులో విన్నాను, కన్నడంలోనూ విన్నాను. మగపిల్లాడికోసం రెండో పెళ్ళి మాట ఎత్తిన పెద్దమనుషుల్నీ చూశాను. కోడలు ఇవ్వగలిగింది ఎక్స్ ఒక్కటే. వై అనేది ఆవిడ దగ్గర లేదు. లేనిదాన్ని ఇవ్వలేదని తప్పుపట్టడం ఏ న్యాయం? తండ్రిని కూడా నిందించే పని లేదు. ఆయన చేతిలోనూ ఏమీ లేదు. పదో తరగతిలో ఈ పాఠం చెప్పే రోజు నేను మనుషులతో మొదలుపెట్టను, ఎర్రపిల్లితో మొదలుపెడతాను. మనుషులతో మొదలుపెడితే పిల్లలు తలలు దించుకుంటారు. పిల్లితో అయితే నవ్వుతూ లెక్క చేస్తారు, చివర్లో ఇంటి సంగతి వాళ్ళే అడుగుతారు.

సరే, మళ్ళీ పిల్లి దగ్గరికి వద్దాం. ఆడదానిలో రెండు ఆజ్ఞలు ఉన్నాయన్నాం. రెండూ కలిసిపోయి ఒళ్ళంతా ఒక మధ్యరంగు రావచ్చు కదా? అలా కాకుండా ఇక్కడ నల్లమచ్చ, అక్కడ ఎర్రమచ్చ విడివిడిగా ఎందుకు? లిటిల్ చెప్పిన తర్వాత కూడా దాదాపు యాభై ఏళ్ళు ఈ ప్రశ్న మిగిలిపోయింది.

1949లో కెనడాలో మరీ బార్, ఆయన విద్యార్థి బెర్ట్రమ్ పిల్లుల నాడీకణాలను పరీక్షిస్తున్నారు. వారు వెతుకుతున్నది రంగుల కోసం కాదు. నాడులకు విద్యుత్తు తగిలించి అలసిపోయేలా చేస్తే కణంలో ఏమి మార్పు వస్తుందో చూడడం వారి పని. కొన్ని పిల్లుల కణకేంద్రకంలో ఒక చిన్న నల్లని చుక్క కనబడింది. కొన్నింటిలో కనబడలేదు. పుస్తకం తీసి చూసుకుంటే చుక్క ఉన్నవన్నీ ఆడవి, లేనివన్నీ మగవి. అలసటకూ చుక్కకూ సంబంధమే లేదు. ఆ చుక్కకు తర్వాత బార్ పేరే పెట్టారు. 1959లో సుసుము ఓనో అనే శాస్త్రజ్ఞుడు, ఆ చుక్క మరేమీ కాదు, ఉండచుట్టుకుపోయిన ఒక ఎక్స్ క్రోమోజోమేనని చూపించాడు.

ఇక మేరీ లయన్ సంగతి. 1925లో ఇంగ్లండులో పుట్టిన ఈవిడ కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకు పేరుకు పట్టా ఇచ్చేది గాని, మగవారితో సమానమైన పూర్తి పట్టా ఇచ్చేది కాదు. 1948లో గాని ఆ నియమం మారలేదు. లయన్ హార్‌వెల్ అనే చోట రేడియేషను వల్ల ఎలుకల్లో వచ్చే మార్పులను పరిశీలించేది. కొన్ని ఆడఎలుకల ఒంటిమీద మచ్చలు మచ్చలుగా రంగు ఉండేది. వాటి మగ తోబుట్టువులకు అలా ఉండదు. ఓనో చెప్పిన ఉండచుట్టుకున్న ఎక్స్‌నూ ఈ మచ్చలనూ ఆవిడ ఒకచోట చేర్చి చూసింది. 1961లో రెండు పేజీల్లో ముగిసిన చిన్న వ్యాసం రాసింది. అందులో చెప్పింది ఇది. ఆడజీవి కడుపులో చిన్న పిండంగా ఉన్నప్పుడే, ప్రతి కణమూ తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసివేస్తుంది. ఏది మూయాలన్నది చీటీ తీసినట్టే, నియమం లేదు. కాని ఒకసారి మూశాక ఆ కణం నుంచి పుట్టే కణాలన్నీ అదే మాట మీద ఉంటాయి. ఎరుపు ఎక్స్ మూసిన కణాల సంతతి ఒక నల్లమచ్చ. నలుపు ఎక్స్ మూసిన కణాల సంతతి ఒక ఎర్రమచ్చ. పిల్లి రంగులు కూడా ఇలాగే వస్తాయని ఆవిడ ఆ వ్యాసంలోనే రాసింది. మన వీధి పిల్లి ఒంటిమీద కనిపించేది, అది తల్లి కడుపులో ఉన్నప్పుడు తీసిన చీటీల పటం అన్నమాట.

మూడు వేలలో ఒకటైన ఆ గండుపిల్లి చిక్కు కూడా ఆ ఏడాదే విడింది. 1961లో ఇద్దరు పరిశోధకులు అలాంటి పిల్లి క్రోమోజోములు లెక్కపెడితే రెండు ఎక్స్‌లు, ఒక వై తేలాయి. మనుషుల్లోనూ కొందరు మగవారు ఇలాగే పుడతారు. ఈ పిల్లులకు మామూలుగా సంతానం కలగదు. జపాన్ ఓడలో అదృష్టం మోసుకెళ్ళిన గండుపిల్లులు చాలావరకు ఈ జాతివే అయి ఉండాలి.

పిల్లి ఒంటికి జరిగేదే మన ఇంటి ఆడవాళ్ళ ఒంటికీ జరుగుతుంది. చర్మం రంగులో కనబడదు గనుక మనకు తెలియదు, అంతే. డార్విన్ 1875లో సింధు దేశపు ఒక హిందూ కుటుంబం గురించి రాశాడు. ఆ వంశంలో నాలుగు తరాల్లో పదిమంది మగవారికి పళ్ళు కొద్దిగానే వచ్చాయి, ఒంటిమీద వెంట్రుకలు తక్కువ, ఎండాకాలం చర్మం ఎండి అల్లాడిపోయేవారు. ఆ ఇంటి ఆడపిల్లలకు ఆ జబ్బు రాదు. కాని వాళ్ళ కొడుకులకు వస్తుంది. చెమట గ్రంథులు ఏర్పడని ఈ లోపం కూడా ఎక్స్ మీదిదే. దాన్ని మోసే స్త్రీల వీపు మీద చెమట పరీక్ష చేస్తే, కొంతమేర చెమట పడుతుంది, కొంతమేర పట్టదు. చారలు చారలుగా కనబడుతుంది. మూడు రంగుల పిల్లి ఒంటిమీద కళ్ళకు కనిపించేదే, ఇక్కడ చెమటలో కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టని హిమోఫిలియా జబ్బును మోసే తల్లుల్లో కొందరికి గాయమైతే ఎక్కువ రక్తం పోవడానికీ, కొందరికి ఏమీ కాకపోవడానికీ ఈ చీటీలే కారణం. ఆ కుటుంబాల్లోని స్త్రీలు కాన్పుకు ముందే వైద్యులకు ఈ సంగతి చెప్పుకోవడం మంచిది. నాకేమీ లేదు, జబ్బు మా అన్నయ్యకే కదా అని ఊరుకోకూడదు.

తెల్లమచ్చల సంగతి వేరు. అది ఎక్స్ మీద లేదు. రంగునిచ్చే కణాలు పిండం వెన్ను దగ్గర పుట్టి, అక్కడి నుంచి ఒళ్ళంతా వలస వెళతాయి. ఆ వలస మధ్యలో ఆగితే వెన్నుకు దూరంగా ఉన్న పొట్ట, పాదాలు, గొంతు తెల్లగా మిగులుతాయి. సయాం పిల్లి మరో వింత. చెవులు, ముక్కు, తోక, పాదాలు నలుపు, మిగతా ఒళ్ళు లేత రంగు. దాని ఒంట్లో రంగు తయారుచేసే ఎంజైము వేడిలో పనిచేయదు, చల్లగా ఉన్నచోటే పనిచేస్తుంది. 1930లో మాస్కోలో ఇలిన్ అనే శాస్త్రజ్ఞుడు వెంట్రుకలు తీసేసి ఆ చోటును చల్లగా ఉంచితే, కొత్త వెంట్రుకలు నల్లగా వస్తాయని చూపించాడు. ఆ పిల్లలు పుట్టినప్పుడు తెల్లగా ఉండేది అందుకే. తల్లి కడుపు వెచ్చన.

ఇప్పుడు మన నేలకు వద్దాం. రంగుల వంశశాస్త్రంలో పెద్ద పేరు జె.బి.ఎస్. హాల్డేన్. 1915లో ఆయన, ఆయన చెల్లెలు నవోమి, మిత్రుడు స్ప్రంట్ కలిసి రాసిన వ్యాసం ఎలుకల రంగులదే. రెండు రంగు గుణాలు విడిపోకుండా జంటగా వంశంలో నడుస్తాయని అందులో చూపారు. హాల్డేన్ అప్పుడు యుద్ధరంగంలో ఉన్నాడు. స్ప్రంట్ ఆ యుద్ధంలోనే చనిపోయాడు. 1927లో హాల్డేన్ ఎలుకజాతి జంతువుల రంగులనూ, పిల్లి కుక్కల వంటి మాంసాహారుల రంగులనూ పోల్చి ఒక వ్యాసం రాశాడు. ఆయన సంపాదకత్వం వహించిన జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ పత్రికలోనే, లండన్ పిల్లుల రంగులను లెక్కపెట్టిన సర్ల్ అనే ఆయన వ్యాసం 1949లో వచ్చింది.

1957లో హాల్డేన్ ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశారు. పత్రికనూ వెంట తెచ్చుకున్నారు. భారత పౌరసత్వం తీసుకున్నారు. అక్కడ ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో ఒకరు మన పిఠాపురం వాడు, కృష్ణ ద్రోణంరాజు. చెవులమీద వెంట్రుకలు దట్టంగా పెరగడం తండ్రి నుంచి కొడుకుకే, అంటే వై ద్వారానే వస్తుందా అని ఆయన ఆంధ్రదేశపు కుటుంబాల్లో పరిశీలించి 1960లో రాశారు. తర్వాతి పరిశోధనలు ఆ మాటను అంత తేలికగా ఒప్పుకోలేదు. అయినా తాతల చెవులు చూసి క్రోమోజోముల లెక్క చేయాలన్న ఆలోచన నాకు ముచ్చటగా ఉంటుంది. హాల్డేన్ 1962లో భువనేశ్వర్ చేరారు. ఒడిశా ప్రభుత్వం అక్కడ ఆయనకు ప్రయోగశాల ఏర్పాటు చేసింది. 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని దహనం చేయలేదు, కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. యానాం శ్రోతలకు బస్సులో గంట ప్రయాణం. ఆయన పత్రిక 1985 నుంచి బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ద్వారా వెలువడుతోంది. అంటే ఒడిశాలో ఉన్నవారికీ, కర్ణాటకలో ఉన్నవారికీ ఈ శాస్త్రం పరాయిది కాదు.

మన కాలానికి వస్తే, 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక మూడు రంగుల పిల్లి కణం నుంచి దాని నకలును పుట్టించారు. తల్లుల గర్భాల్లో పెట్టిన 87 పిండాల్లో బతికింది అదొక్కటే. అచ్చం నకలు కనుక మూడు రంగులూ ఉంటాయనే కదా మనం అనుకుంటాం. కాని దాని ఒంటిమీద ఎరుపు లేనేలేదు. తీసుకున్న కణంలో ఎరుపు ఎక్స్ ఎప్పుడో మూసుకుపోయి ఉంది, మళ్ళీ తెరుచుకోలేదు. ఆ పిల్లి పద్ధెనిమిదేళ్ళు బతికి 2020లో చనిపోయింది.

ఇంత జరిగినా ఎక్స్ మీద ఎరుపు రాసిన ఆ చోటు ఏదో మాత్రం ఎవరూ వేలుపెట్టి చూపలేకపోయారు. అది 2025లో తేలింది. జపాన్‌లో క్యూషు విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన సాసాకి బృందం, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లోని బార్ష్ బృందం, ఎవరికి వారు పనిచేసి ఒకే జవాబు దగ్గర కలిశారు. సాసాకి పనికి మామూలు జనం చందాలు వేసుకున్నారు. పిల్లి మీది ప్రేమ అలాంటిది. ఎర్రపిల్లుల ఎక్స్ మీద సుమారు ఐదు వేల అక్షరాల ముక్క ఒకటి లేదు. ముక్క పోతే జన్యువు పాడవుతుందని మన అంచనా. ఇక్కడ తిరగబడింది. రంగుకణాల్లో నిద్రపోవలసిన ఒక జన్యువు ఆ ముక్క పోవడంతో మేలుకుంది. మేలుకుని నలుపు తయారయ్యే దారికి అడ్డంపడింది. నలుపు ఆగితే ఎరుపు వచ్చింది. ఒళ్ళంతా తెల్లగా ఉన్న పిల్లులను పక్కన పెడితే, ఇంటి ఎర్రపిల్లులన్నింటిలో కనిపించేది ఈ ఒక్క లోపమే.

ఇక మీ వీధి లెక్క మీరే చేసుకోవచ్చు. ఎర్రగండుపిల్ల కనబడితే దాని తల్లి ఎర్రదో కలగలుపుదో అయి ఉంటుంది, తండ్రి గురించి ఏమీ చెప్పలేం. నల్ల మచ్చ లేకుండా పూర్తిగా ఎర్రగా ఉన్న ఆడపిల్లి కనబడితే, దాని తండ్రి ఖాయంగా ఎర్రగండుపిల్లే. ఎర్రపిల్లుల్లో మగవి ఎక్కువ కనబడడానికి కారణం అదే, వాటికి ఒక్క ఎక్స్ చాలు, ఆడదానికి రెండూ ఎర్రవి కావాలి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, మీ ఇంటికి తెచ్చిన రోజున ఒకసారి ఈతనంతా లెక్కపెట్టి చూడండి. ఒకే ఈతలో తండ్రులు ఇద్దరు ముగ్గురు ఉండవచ్చని కూడా గుర్తుంచుకోండి. అప్పుడు లెక్క కొంచెం కష్టమవుతుంది. సెలవు.